స్కాట్లండ్ బ్యాగ్‌పైప్ రికార్డింగులు వినడం ఎలా: శ్రుతి నుంచి పీబ్రాక్ దాకా

బ్యాగ్‌పైప్ అనగానే మనకు గుర్తొచ్చేది రిపబ్లిక్ డే పరేడ్‌లో నడిచే సైనిక బ్యాండు. వినడానికి బాగుంటుంది, ఒళ్ళు పులకరిస్తుంది. రికార్డింగు పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే మాత్రం అన్ని పాటలూ ఒకేలా అనిపిస్తాయి. ఏది ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలియదు. నాకూ చాలాకాలం అలాగే ఉండేది.

మనం పాటను వినే అలవాటే దానికి కారణం. గాయకుడు ఒకచోట గొంతు తగ్గిస్తాడు, ఒకచోట పెంచుతాడు, ఒకచోట ఆగుతాడు. ఆ హెచ్చుతగ్గుల్లో, ఆ విరామాల్లో మనకు భావం అందుతుంది. స్కాట్లండ్ హైలాండ్ పైపులో ఈ రెండూ లేవు. శబ్దాన్ని పెంచడం, తగ్గించడం వాయించేవాడి చేతిలో లేదు. సంచిలో గాలి ఉన్నంతసేపూ గొట్టం మోగుతూనే ఉంటుంది కాబట్టి మధ్యలో నిశ్శబ్దానికి చోటు లేదు. అతని చేతిలో మిగిలేది కాలం. ఏ స్వరం మీద ఎంతసేపు నిలబడాలి, దేన్ని కాస్త పొడిగించాలి, దేన్ని చటుక్కున వదిలేయాలి అన్నదే అతని విద్య. మన చెవి ఆ నిడివిని పట్టుకోవడం నేర్చుకోవాలి. కింద చెప్పిన మెట్లన్నీ అందుకే. ఒక్కో మెట్టుకు రెండు మూడు రోజులు ఇవ్వండి, తొందర పడొద్దు.

మొదటి మెట్టు: ఫోన్ స్పీకరు కట్టేయండి

ఈ వాద్యానికి నాలుగు గొట్టాలు మోగుతాయి. వేళ్ళతో పాట పలికించేది చాంటర్. భుజం మీద నిలబడేవి మూడు డ్రోన్లు: రెండు టెనార్, ఒకటి బాస్. ఈనాటి పైపుల్లో చాంటర్ ఆధార స్వరం సుమారు 480 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. టెనార్ డ్రోన్లు దానికి ఒక స్థాయి కింద, అంటే 240 దగ్గర. బాస్ డ్రోన్ రెండు స్థాయిలు కింద, 120 దగ్గర. ఫోన్‌లోని చిన్న స్పీకరు ఆ 120ని దాదాపు వినిపించలేదు. అంటే ఫోన్‌లో వింటే కింద నేల లేకుండా గోడలు మాత్రమే చూస్తున్నట్టే. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు.

వాల్యూమ్ తక్కువ పెట్టుకోండి. అసలు వాద్యం చాలా గట్టిది, ఆరుబయట కొండల మధ్య మోగడానికి పుట్టింది. ఆ గట్టిదనాన్ని చెవిలో దింపుకోవాలని చూస్తే పావుగంటకే తలనొప్పి వస్తుంది. సన్నని వాల్యూమ్‌లోనే డ్రోన్లు, చాంటర్ విడివిడిగా వినపడతాయి.

ఇంకో మాట. సింథసైజర్లు, గిటార్లు కలిపిన "బెస్ట్ ఆఫ్ స్కాట్లండ్" తరహా ప్లేలిస్టులతో మొదలుపెట్టొద్దు. అందులో తప్పేం లేదు, కానీ ఆ నేపథ్య సంగీతం డ్రోన్లను మింగేస్తుంది. ఒక్క పైపర్, ఒక్క పైపు ఉన్న సోలో రికార్డింగే కావాలి.

రెండో మెట్టు: పాటను వదిలేసి శ్రుతిని వినండి

మూడు డ్రోన్లూ మొదటి నుంచి చివరి వరకు ఒకే స్వరాన్ని పట్టి ఉంటాయి. ఇది మనకు కొత్త కాదు. సన్నాయి మేళంలో పక్కన కూర్చుని ఒకే స్వరం ఊదే శ్రుతి సన్నాయి చేసే పని ఇదే. అసలు తోలు సంచితో శ్రుతి పట్టే వాద్యం మనకే ఉంది: తిత్తి. మేకతోలు సంచిలో గాలి నింపి ప్రధానంగా శ్రుతి కోసమే వాడే తెలుగు వాద్యం అది. స్కాట్లండ్ పైపులో ఆ తిత్తీ, పాట పలికే గొట్టమూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి, అంతే తేడా.

ఒక సోలో రికార్డింగు పెట్టుకుని రెండు నిమిషాల పాటు పాట మీదకు మనసు పోనివ్వకుండా కింద మోగేదాన్నే వినండి. శ్రుతి సరిగా కలిస్తే మూడు డ్రోన్లు ఒక్క గొట్టంలా మోగుతాయి, నున్నగా, ఆగకుండా. కలవకపోతే "వవ్ వవ్ వవ్" అని ఒక ఊపు వినిపిస్తుంది. రెండు తంబూరాలు కాస్త తేడాగా ఉన్నప్పుడు వచ్చే ఊపే ఇది. శ్రుతి ఎంత దగ్గరైతే ఆ ఊపు అంత నిదానమవుతుంది, చివరికి మాయమవుతుంది. పోటీల రికార్డింగుల్లో పాటకు ముందు పైపర్ కాసేపు అటూ ఇటూ స్వరాలు వాయిస్తూ డ్రోన్లు సరిచేసుకుంటాడు. చాలామంది దాన్ని దాటేస్తారు. దాటొద్దు. శ్రుతి కుదిరే క్షణం వినడం ఈ సంగీతంలో మొదటి ఆనందం.

మూడో మెట్టు: తొమ్మిది స్వరాలు

చాంటర్‌లో ఉన్నవి తొమ్మిదే స్వరాలు. మన లెక్కలో చెబితే: కింది ని, స, రి, గ, మ, ప, ద, ని, పై స. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంటే హరికాంభోజి స్వరాలు. హార్మోనియం మీద వాయిస్తే అచ్చంగా సరిపోదు, ఎందుకంటే ప్రతి స్వరాన్నీ డ్రోన్‌కు కలిసేలా సర్దుతారు. మన చెవికి ఇది లాభమే. శ్రుతి మీద స్వరాన్ని తూచడం మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు.

చాలా పాటలు తొమ్మిదింటినీ సమానంగా వాడవు. ఐదు స్వరాల చుట్టూ తిరిగేవి ఎక్కువ. స రి గ ప ద మీద నడిచే పాట మోహనంలా వినిపిస్తుంది. స రి మ ప ద మీద నడిస్తే శుద్ధ సావేరి స్వరాలు. స రి మ ప ని మీద నడిస్తే మధ్యమావతి స్వరాలు. రాగాలు అవే అని అనడం లేదు, గమకాలు లేవు, సంచారాలు వేరు. కానీ ఈ మూడు గుంపులనూ గుర్తుపట్టగలిగితే "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్న బాధ సగం తీరిపోతుంది. ఒక్క ఆల్బమ్ తీసుకుని, ప్రతి పాటలో గాంధారం వినిపిస్తోందా, మధ్యమం వినిపిస్తోందా అని మాత్రమే చూడండి.

తర్వాత ఒక్కో స్వరం డ్రోన్ మీద ఎలా కూర్చుందో వినండి. పంచమం, గాంధారం శ్రుతిలో కరిగిపోతాయి. మంద్ర నిషాదం మాత్రం డ్రోన్‌తో గొడవ పడుతుంది, గరగరమంటుంది. శోకగీతాల్లో ఆ స్వరం మీద పైపర్ నిలబడినప్పుడు గుండె పట్టేసినట్టుంటుంది. ఆ గరగర తప్పు కాదు. ఆ స్వరం చేయాల్సిన పనే అది.

నాలుగో మెట్టు: వేలి దెబ్బలు

శబ్దం ఆగదు కదా, మరి ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే ఎలా? స, స అని వాయించాలి. మధ్యలో నిశ్శబ్దం లేదు. అందుకని మధ్యలో ఇంకో స్వరాన్ని రెప్పపాటు తాకించి వదులుతారు. దీన్ని గ్రేస్ నోట్ అంటారు. మన జంట స్వరాల్లో రెండో స్వరానికి ముందు కింది స్వరాన్ని తాకి నొక్కు ఇస్తాం చూడండి, స్ఫురితం, దానికి దగ్గరి బంధువు. ఇక్కడ ఎక్కువగా పై స్వరాలను తాకుతారు.

మొదట ఇవి టిక్ టిక్ మనే చప్పుళ్ళలా వినిపిస్తాయి. స్వరాలుగా వినడానికి ప్రయత్నించొద్దు. మృదంగం మీద వేలి దెబ్బలుగా వినండి. ఒక్క దెబ్బ ఉంటుంది, రెండు దెబ్బల డబ్లింగ్ ఉంటుంది, కింది స్వరాల మీద చుట్టేసినట్టు వచ్చే బర్ల్ ఉంటుంది. ఇవి ఏ స్వరం మీద పడితే ఆ స్వరానికి బరువు వస్తుంది. గాయకుడు గొంతు పెంచి చేసే పనిని పైపర్ ఇలా చేస్తాడు. రికార్డింగు వేగాన్ని సగానికి తగ్గించే సౌకర్యం ఇప్పుడు చాలా ప్లేయర్లలో ఉంది. ఒక్కసారి అలా విని, మళ్ళీ మామూలు వేగంలో వినండి. మంచి పైపర్ దగ్గర ఒక్క దెబ్బ కూడా నలగదు.

ఐదో మెట్టు: చిన్న సంగీతం

స్కాట్లండ్ కొండ ప్రాంతాల గేలిక్ భాషలో పైపు సంగీతాన్ని రెండుగా చెబుతారు. క్యోల్ బెగ్ అంటే చిన్న సంగీతం: మార్చ్, స్ట్రాత్‌స్పే, రీల్, జిగ్ వంటి నడక పాటలు, నాట్య పాటలు. క్యోల్ మోర్ అంటే పెద్ద సంగీతం. దాన్నే పీబ్రాక్ అంటారు. ముందు చిన్నదానితో మొదలుపెట్టండి.

పోటీల్లో మార్చ్, స్ట్రాత్‌స్పే, రీల్ మూడింటినీ ఆపకుండా వరసగా వాయిస్తారు. ఈ మూడింటి మధ్య తేడా పట్టుకోవడమే మీ పని. మార్చ్‌లో అడుగులు లెక్కపెట్టొచ్చు. స్ట్రాత్‌స్పే పేరు స్పే నది లోయ నుంచి వచ్చింది. అందులో పొట్టి స్వరం వెంటనే పొడుగు స్వరం వచ్చి "తకిట్" అని కుదుపుతుంది. నాకు ఈ మూడింటిలో స్ట్రాత్‌స్పే మీదే మక్కువ. కాలాన్ని సాగదీసి వదలడం అందులో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. రీల్‌లో ఆ కుదుపు సర్దుకుని చక్రంలా తిరుగుతుంది. పాట సాధారణంగా ఎనిమిదేసి బార్ల (తాళపు ఆవర్తనాల వంటివి) భాగాలుగా ఉంటుంది. కాలితో తాళం వేస్తూ భాగాలు లెక్కపెడితే ఎక్కడ ఉన్నారో తెలిసిపోతుంది.

ఇక్కడ వినాల్సిన వ్యక్తి జాన్ బర్జెస్. 1950లో, పదహారేళ్ళ వయసులో, ఓబన్, ఇన్వర్‌నెస్ పోటీల రెండు బంగారు పతకాలూ ఒకే ఏడాది గెలిచాడు. అమెరికా జానపద సేకర్త అలన్ లోమాక్స్ 1951లో స్కాట్లండ్ వచ్చినప్పుడు రికార్డు చేసినవాళ్ళలో బర్జెస్ కూడా ఉన్నాడు. అతని వేళ్ళ శుభ్రత వింటే పై మెట్టులో చెప్పినదంతా ఒక్కసారిగా అర్థమవుతుంది.

ఆరో మెట్టు: నోటితో పాడిన పైపు

పీబ్రాక్‌లోకి దిగే ముందు ఇది తప్పనిసరి. స్వరలిపి రాకముందు గురువులు పైపు పాటలను నోటి మాటలతో నేర్పేవారు. ఆ పద్ధతి పేరు కాన్‌తరాఖ్. అచ్చులు పాట స్వరాలను, హల్లులు వేలి దెబ్బలను సూచిస్తాయి. మృదంగం జతులను నోటితో పలికే మన కొన్నక్కోల్ మృదంగానికి ఏమిటో ఇది పైపుకు అది, పైగా ఇందులో స్వరం కూడా ఉంది. కోలిన్ క్యాంబెల్ అనే ఆయన 1797 ప్రాంతంలో ఇలాంటి అక్షరాలతోనే ఎన్నో పాటలు రాసిపెట్టాడు, ఆ రాతప్రతి మిగిలింది.

పైపర్లు రాబర్ట్ బ్రౌన్, రాబర్ట్ నికల్ ఇద్దరూ బాల్మోరల్ రాజ ఎస్టేటులో పనిచేశారు, ఇద్దరూ ఇన్వర్‌నెస్ జాన్ మెక్‌డొనాల్డ్ శిష్యులు. వాళ్ళ పాఠాల టేపులను గ్రీన్‌ట్రాక్స్ కంపెనీ సీడీలుగా తెచ్చింది. స్టోర్నోవేలో పుట్టిన డొనాల్డ్ మెక్‌లౌడ్ పాఠాల టేపులు కూడా దొరుకుతాయి. పైపు లేకుండా, నోటితో పాడుతూ, ఆగుతూ, "ఇక్కడ నిలబడు, ఇక్కడ వదిలెయ్" అన్నట్టు నేర్పుతుంటే వినడం నాకు కచేరీ రికార్డుల కంటే ఎక్కువ ఉపయోగపడింది. గొంతుకు ఊపిరి ఉంది, హెచ్చుతగ్గులున్నాయి. వాక్యం ఎక్కడ విరుగుతుందో గొంతులో ముందు వింటే తర్వాత పైపులో అదే వాక్యం వినపడుతుంది.

ఏడో మెట్టు: పీబ్రాక్

ఒక్కో పీబ్రాక్ పది నుంచి ఇరవై నిమిషాలు నడుస్తుంది. శోకగీతాలు, వందన గీతాలు, సమావేశానికి పిలుపులు, యుద్ధ గీతాలు ఇందులో ఉంటాయి. స్కై దీవిలో డన్‌వేగన్ మెక్‌లౌడ్ వంశానికి తరతరాలుగా పైపర్లుగా ఉన్న మెక్రిమన్ కుటుంబం పేరు ఈ సంగీతంతో ముడిపడి ఉంది.

మొదట వచ్చేది ఊర్లర్. ఆ మాటకు నేల అని అర్థం, ఇంగ్లీషులో గ్రౌండ్ అంటారు. నిదానంగా పాట మొత్తాన్ని పరుస్తారు. ఇక్కడ కాలితో తాళం వేయొద్దు, దెబ్బ తగలదు, చికాకు వస్తుంది. వాక్యాలు వినండి. చాలా పాటల్లో రెండు చిన్న వాక్యాలే ఉంటాయి, వాటిని ఒకటి, రెండు అనుకుందాం. ఒకటి ఒకటి రెండు, ఒకటి రెండు రెండు, ఒకటి రెండు. ఇది బాగా పాత అల్లిక. అన్ని పాటలూ ఇలా ఉండవు, కానీ మీరు విన్నది ఇలా ఉందో లేదో కాగితం మీద రాసుకుంటే నేల మ్యాపు చేతికొస్తుంది. నేలను కనీసం ఐదుసార్లు విన్నాకే ముందుకు వెళ్ళండి. నేల కంఠతా రాకుండా పీబ్రాక్ వినడం, పల్లవి తెలియకుండా నెరవు వినడం లాంటిది.

తర్వాత మార్పులు మొదలవుతాయి. పాటను బట్టి షూవల్ లాంటి తొలి మార్పుల్లో నేలలోని ముఖ్య స్వరాలు మాత్రం మిగిలి, వాటి మధ్య నడక సమంగా పడుతుంది. ఆ పైన టూర్లువా: ప్రతి ముఖ్య స్వరం తర్వాత వేళ్ళు గబుక్కున ఒక గుత్తి దెబ్బలు వేసి కింది స మీద దిగుతాయి. కాన్‌తరాఖ్‌లో దీనికి "దరిద్" అంటారు. ఆ పైన క్రున్లువా: ఆ గుత్తి ఇంకా పొడవై పంచమం మీదకు ఎగురుతుంది, అదే "బాండ్రె". కొన్ని పాటల్లో చివర క్రున్లువా ఎ మాఖ్ కూడా ఉంటుంది. "బయటికి" అని దాని అర్థం. ఒక్కో మార్పునూ ముందు నిదానంగా, తర్వాత వేగంగా వాయించడం మామూలు. వాటికి సింగ్లింగ్, డబ్లింగ్ అని పేర్లు (వేలి దెబ్బల డబ్లింగ్ వేరు).

ఈ దశలో కొత్త శ్రోత దెబ్బల వేగంలో కొట్టుకుపోతాడు. మీరు అలా పోకుండా ఒక పని చేయండి. క్రున్లువా నడుస్తుండగా నోట్లో నేలను పాడుకోండి. ఆ దెబ్బల గుత్తుల ముందు వచ్చే స్వరాలను మాత్రమే ఏరుకోండి. అదే వాక్యాలు, అదే వరసలో, అస్థిపంజరంలా కనిపిస్తాయి. మొదటిసారి అలా కనిపించిన రోజు నేను రాత్రి పన్నెండు దాటాక కూడా నిద్రపోలేకపోయాను. అదే రికార్డింగును మూడుసార్లు మళ్ళీ పెట్టుకున్నాను.

అన్నీ అయ్యాక పైపర్ మళ్ళీ నేలకు వస్తాడు. స్వరాలు మొదట విన్నవే. మీరు మాత్రం అన్ని మార్పులూ దాటి వచ్చారు కాబట్టి అది వేరుగా వినిపిస్తుంది. 17వ శతాబ్దపు పాట్రిక్ మోర్ మెక్రిమన్ రచనగా చెప్పే "పిల్లల కోసం శోకగీతం"తో దీన్ని ప్రయత్నించండి. ఎనిమిది మంది కొడుకుల్లో ఏడుగురిని మశూచికి పోగొట్టుకున్న తండ్రి కట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కథ తెలియకపోయినా పాట నిలబడుతుంది. తెలిస్తే చివరి నేల వినడం కష్టం.

ఎనిమిదో మెట్టు: ఒకే పాట, ముగ్గురు పైపర్లు

పీబ్రాక్ అసలు రుచి పోలికలో ఉంది. ఒక పాట ఎంచుకుని వేర్వేరు తరాల పైపర్ల దగ్గర వినండి. ఇన్వర్‌నెస్ జాన్ మెక్‌డొనాల్డ్ (1865–1953) వాయించిన పాత 78 గ్రామఫోన్ రికార్డులున్నాయి. ఒక పక్కకు మూడు నాలుగు నిమిషాలే పట్టేవి కాబట్టి ఆ రికార్డుల్లో పాట మొత్తం ఆశించొద్దు. 1925కు ముందు మైకులు లేని రోజుల్లో బాకా లాంటి గొట్టంలోకి వాయించి చేసిన రికార్డుల్లో డ్రోన్లు దాదాపు వినపడవు, అది వాద్యం లోపం అనుకోవద్దు. పాత రోజుల్లో పైపుల శ్రుతి కూడా ఇప్పటికంటే తక్కువ.

తర్వాత గ్లాస్గో పైపర్ డొనాల్డ్ మెక్‌ఫర్సన్ (1922–2012). శ్రుతి శుద్ధి అంటే ఏమిటో ఈయన దగ్గర వినాలి. డ్రోన్లు, చాంటర్ ఒక్క లోహపు తీగలా మోగుతాయి. ఆ తర్వాత గ్లెన్యూగ్‌కు చెందిన అలన్ మెక్‌డొనాల్డ్. పీబ్రాక్‌కూ గేలిక్ పాటలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించిన పైపర్. పోటీల్లో స్థిరపడిన నిదానాన్ని పక్కనపెట్టి, పాత రాతప్రతుల ఆధారంతో, పాడినట్టు వాయిస్తాడు. ఒకే పాటలో మెక్‌ఫర్సన్ నిలబడిన చోట ఈయన నడిచిపోతాడు. ఎవరు సరి అన్న వాదన పైపర్లలో ఇంకా నడుస్తోంది. నేను ఇద్దరినీ వదులుకోలేను, కానీ మొదటిసారి వినేవారికి అలన్ దారే దగ్గర అని నా నమ్మకం. పాట వాక్యంలా వినిపిస్తుంది.

వీటికోసం వెతకాల్సిన చోటు టోబర్ అన్ డూఅల్ఖాష్ అనే ఉచిత వెబ్‌సైటు. పేరుకు "వారసత్వపు బావి" అని అర్థం. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో 1951లో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ ఊరూరా తిరిగి చేసిన టేపులు, బీబీసీ టేపులు, క్యానా దీవి సేకరణ అందులో ఉన్నాయి. 1903లో ఏర్పడిన పీబ్రాక్ సొసైటీ వెబ్‌సైటులో స్వరలిపి, రికార్డింగులు కలిపి దొరుకుతాయి.

ఆరుబయట చేసిన రికార్డింగుల్లో శబ్దం ఒకసారి దగ్గరికి వచ్చి ఒకసారి దూరమవుతుంది. పైపర్ నడుస్తూ వాయిస్తున్నాడు, అంతే. దాన్ని భావం అనుకుని పొరబడొద్దు.

తొమ్మిదో మెట్టు: బ్యాండు

సోలో పైపు చెవికి అలవాటయ్యాక బ్యాండు వినండి, ముందు కాదు. ఇరవై మంది ఒకే పాట వాయిస్తుంటే ఒక్క పైపులా వినిపించాలి. మొదలయ్యే క్షణం చాలా ముఖ్యం: డ్రమ్ముల మీద రెండు రోల్స్, వాటి మధ్య డ్రోన్లు లేస్తాయి, పంచమం పడుతుంది, పాట మొదలవుతుంది. ఎవరైనా ముందుగా మోగారా? చివర ఎవరిదైనా గాలి మిగిలి కూసిందా? పోటీ జడ్జీలు వినేది కూడా ఇదే. రెండోసారి వింటున్నప్పుడు సైడ్ డ్రమ్ములనే వినండి, అవి తాళం వేయడమే కాదు, పాటను అనుసరిస్తూ మాట్లాడతాయి.

ప్రపంచ పైప్ బ్యాండు ఛాంపియన్‌షిప్ ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో జరుగుతుంది, ఆ రికార్డింగులు తేలిగ్గా దొరుకుతాయి. నా ఎంపిక మాత్రం కెనడాకు చెందిన 78వ ఫ్రేజర్ హైలాండర్స్ 1987లో ఉత్తర ఐర్లండ్‌లోని బాలిమీనాలో చేసిన కచేరీ. ఆ నెలలోనే వాళ్ళు ప్రపంచ ఛాంపియన్లయ్యారు. బ్రిటన్ బయటి బ్యాండుకు ఆ గెలుపు అదే మొదటిసారి. పోటీ నియమాలు పక్కన పెట్టి, బ్యాండును కచేరీ వేదిక మీద పెద్ద ఊహతో వాడుకున్నారు.

ఇక్కడి దాకా వచ్చాక మళ్ళీ ఒక సోలో పీబ్రాక్ దగ్గరికి వెళ్ళండి. ఇయర్‌ఫోన్లు, సన్నని వాల్యూమ్, గదిలో దీపం ఆర్పేసి. చివరి నేల అయిపోయాక వెంటనే ఆపేయొద్దు. పైపర్ సంచిని వదిలే క్షణం రికార్డింగులో ఉంటుంది. పావుగంటగా చెవిలో ఉన్న శ్రుతి చటుక్కున తెగిపోతుంది. ఆ సంగీతం మొత్తంలో మొదటి నిశ్శబ్దం అదే.